గీత కనిపిస్తే ఆగని చెయ్యి

లింబాద్రి మీద నేను ఒక్కసారే అరిచాను. అది కూడా పదిమంది ముందు, మధ్యాహ్నం విశ్రాంతి షెడ్డులో, ఆయన నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దవాడన్న మర్యాద లేకుండా. ఆ అరుపు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అందుకే ముందుగానే ఒప్పేసుకుంటున్నాను. ఇది ఆయన కథే గానీ, ఇందులో తప్పులు ఎవరివని చూస్తే నావే ఎక్కువ తేలతాయి.

నా పేరు మనీషా. మాది కాకినాడ. కెమిస్ట్రీ చదివి, దోహాలో ఒక రంగుల కంపెనీ ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. రంగులంటే ఇళ్ళ గోడలకి వేసేవి కావు. సముద్రం ఒడ్డున ఉండే ప్లాంట్లలో పైపులకీ ట్యాంకులకీ దూలాలకీ వేసేవి. వాటి పని అందంగా కనిపించడం కాదు, ఉక్కుకి ఉప్పుగాలి తగలకుండా కాపలా కాయడం. ఇక్కడి ఉప్పుగాలి ఎలాంటిదో కారున్న ఎవరినడిగినా చెబుతారు. అబూ హమూర్‌లో మా ఇంటి ముందు నిలబెట్టిన నా పాత కారు తలుపు అడుగు అంచు నాలుగేళ్ళలో అప్పడంలా విరిగి చేతికొచ్చింది. రంగుల కంపెనీలో పనిచేస్తూ నీ కారుకే దిక్కు లేదా అని మావారు ఏడాదిపాటు ఏడిపించారు.

మూడేళ్ళు తంటాలు పడి నేనొక మందు తయారుచేశాను. మందు అన్నది మా ల్యాబ్‌లో పెట్టుకున్న ముద్దుపేరు, నాకూ అదే అలవాటైపోయింది. నిజానికి అవి కంటికి ఆననంత చిన్న పాలిమర్ గుళికలు. ఒక్కో గుళిక లోపల తుప్పుని ఆపే చిక్కటి ద్రవం ఉంటుంది. వాటిని రంగులో కలిపి ఉక్కుకి వేస్తే, ఎక్కడైనా గీత పడినప్పుడు అక్కడి గుళికలు పగిలి, ద్రవం బయటికొచ్చి, గాలి తగిలి గట్టిపడి ఆ గీతని మూసేస్తుంది. మోకాలు దోక్కుపోతే పక్కు కట్టినట్టు. ల్యాబ్‌లో ఉప్పునీళ్ళ పెట్టెలో పెట్టి చూస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ ప్లాంట్ల వాళ్ళు ల్యాబ్‌ని నమ్మరు, నమ్మకూడదు కూడా. సముద్రం ఒడ్డున ఏడాదిపైన నిలబెట్టి చూపించమంటారు.

దోహాకి దక్షిణంగా ముప్పావుగంట దూరంలో ఒక ప్లాంట్ వాళ్ళు దానికి ఒప్పుకున్నారు. ఇరవై నాలుగు ఉక్కు పలకలు చేయించాను. పన్నెండింటికి మామూలు రంగు, పన్నెండింటికి మందు కలిపిన రంగు. పైకి చూస్తే అన్నీ ఒకే బూడిదరంగు. ఏది ఏదో పలక వెనక కొట్టిన నంబర్‌ని బట్టే తెలుస్తుంది. ఆ నంబర్ల జాబితా సీలు వేసిన కవర్లో మా మేనేజరు రామచంద్రరావు గారి దగ్గర ఉంటుంది. ఇక పరీక్షలో అసలు ముఖ్యమైన పని, ప్రతి పలక మీదా కత్తితో ఇంటూ గుర్తు గీయడం. రంగు తెగి లోపలి ఉక్కు మెరిసేదాకా గీయాలి. గాయం చేస్తేనే కదా మందు పనిచేస్తుందో లేదో తెలిసేది.

ఏప్రిల్ నెల పొద్దున్న ఆ గీతలు గీస్తుండగా లింబాద్రిని మొదటిసారి చూశాను. ప్లాంట్‌లో రంగు పనులు చేసే కాంట్రాక్టరు మనుషులు సముద్రం వైపు ఇనప స్టాండు బిగిస్తున్నారు. వాళ్ళలో ఒకాయన పొట్టిగా గట్టిగా ఉన్నాడు. మెడలో కార్డు, చొక్కా జేబులో ఏదో గుండ్రంగా మెరుస్తోంది. నేను కత్తి పెట్టి లాగగానే తన చేతి మీద గీసినట్టు "ష్" అన్నాడు.

"అయ్యో మేడం, గంత మంచి రంగు. ఎందుకు గీకుతున్నరు?"

పరాయి దేశంలో తెలుగు వినబడితే ఎవరైనా సంతోషిస్తారు. నేను చిరాకుపడ్డాను. గేటు దగ్గర రెండు గంటలు నిలబెట్టారు, ఎండెక్కుతోంది, ఇంకా పంతొమ్మిది పలకలున్నాయి.

"టెస్టండీ" అన్నాను తలెత్తకుండా.

"టెస్టంటె ఏంది మేడం?"

"టెస్టంటే టెస్టే. మీ పని మీరు చూసుకోండి."

ఆయన వెళ్ళి బోల్టులు బిగించుకున్నాడు. రెండు నిమిషాలు ఆగి విడమరిచి చెప్పి ఉంటే నాకు పద్నాలుగు నెలల తర్వాత ఆ గతి పట్టేది కాదు. 'ముట్టుకోవద్దు' అని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ రాసిన బోర్డు స్టాండుకి తగిలించాను. పలకలు ముట్టుకున్నవాడి పని కార్డు రద్దు చేయాలని ఒప్పందంలో షరతు కూడా రాయించాను. ఇంత పకడ్బందీగా ఎవరు చేస్తారని నన్ను నేను మెచ్చుకుంటూ ఇంటికొచ్చాను.

లింబాద్రి గురించి ఇప్పుడు నాకు తెలిసిందంతా తర్వాత తెలిసిందే. కొంత ఆయన చెప్పింది, కొంత ప్లాంట్‌లో రంగు పని తనిఖీ చేసే రయీస్ చెప్పింది.

ఆయనది నిజామాబాద్ జిల్లా, భీంగల్ పక్కన పల్లె. ఖతర్ వచ్చి ఇరవై రెండేళ్ళు. వాళ్ళమ్మ సాయవ్వ లెక్కలో మాత్రం కొడుకు దుబాయ్‌లోనే ఉన్నాడు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా "గదే, దుబాయే గద" అంటుందట. దుబాయ్‌ల ఏం పని జేస్తవు బిడ్డా అని ఆమె అడిగితే ఇనుముకు అంగీ తొడుగుత అవ్వా అని చెప్పాడట. "ఇనుముకు సలి పెడ్తదారా?" అని ఆమె ఊరందరికీ చెప్పుకుని నవ్వింది. ఒకసారి సెలవుకి వెళ్ళినప్పుడు ఇంటి గేటుకి, నాగలి కర్రుకి, బావి గిలకకి రంగు వేసి చూపించాక నవ్వడం మానేసింది.

మొదటి మూడేళ్ళు ఆయన రంగు డబ్బా ముట్టలేదు. ఉక్కు మీద పాత రంగూ తుప్పూ పోవడానికి గాలి గొట్టంతో గరుకు ఇసుకలాంటి రవ్వ కొడతారు. ఆ రవ్వ బస్తాలు మోశాడు. తర్వాత గొట్టం పట్టాడు. ఆ తర్వాత బ్రష్ చేతికొచ్చింది. ఈ ప్లాంట్‌లో రంగు వేయాలంటే పెయింటరు కార్డు ఉండాలి, దానికి పరీక్ష ఉంటుంది. చేతి పరీక్ష మొదటిసారే నెగ్గాడు. నోటి పరీక్ష సగం హిందీ, సగం ఇంగ్లీషు. రెండుసార్లు తప్పాడు. మూడోసారి పరీక్ష పెట్టింది రయీస్. తెల్లవారుజామున ఉక్కు తడిగా ఉంటే ఏం చేస్తావని అడిగాడు. లింబాద్రికి మాట దొరకలేదు. లేచి వెళ్ళి ఎడమచేతి వెనకవైపు బల్ల ఇనప కాలుకి ఆనించాడు, తల అడ్డంగా ఊపాడు, చేతిలోని బ్రష్ కింద పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రయీస్ ఆ క్షణమే సంతకం పెట్టాడు.

ఆ చేతికి ప్లాంట్‌లో పేరుంది. ఎండాకాలం తెల్లవారుజామున సముద్రం పక్కన ఉక్కుకి చెమట పడుతుంది. కంటికి కనిపించదు. దాని మీద రంగు వేస్తే నెలల్లో పొక్కులు లేస్తాయి. కానీ జూన్ వచ్చిందంటే పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయట ఎండలో పని చేయించకూడదన్నది ఇక్కడి చట్టం. అందుకని ఫోర్‌మన్ వెలుతురు రాకముందే "యల్లా, యల్లా" అని తరుముతాడు. లింబాద్రి చెయ్యి ఆనించి "మాఫీ. చెమట ఉన్నది" అని, కుదరదన్న మాట అరబ్బీలో చెప్పేసి పక్కన కూర్చుంటాడు. ఎవరేమన్నా లేవడు. రయీస్ మీటరు తెచ్చి పెట్టి చూస్తే అదీ అదే చెబుతుంది. "మీటర్ ఖరాబ్ హో జాయే తో క్యా, లింబాద్రి హై నా" అని, మీటరు పాడైతేనేం ఈయన ఉన్నాడుగా అన్నట్టు నవ్వుతాడు రయీస్.

జేబులో మెరిసింది గడ్డం గీసుకునే అద్దం. పైపుల అడుగున, గోడవైపు, మనిషి తల పట్టని సందుల్లో రంగు సరిగ్గా పడిందో లేదో ఆ అద్దం పెట్టి చూస్తాడు. పడకపోతే వెల్లకిలా పడుకుని వేస్తాడు. అక్కడ ఎవడు చూస్తాడని తోటివాళ్ళు ఆటపట్టిస్తే, "మనిషి సూడడు. జంగు సూస్తది" అన్నాడట. తుప్పుని ఆయన జంగు అంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఎదురింటి తగాదాకోరు మనిషి గురించి చెప్పినట్టే చెబుతాడు దాని గురించి. ఎప్పుడు వస్తుందో, ఏ మూల నుంచి దూరుతుందో, ఎంత ఓపికగా కాచుకుని ఉంటుందో.

ఇంకొకటుంది. అంగుళం వెడల్పు బ్రష్ ఒకటి, వెంట్రుకలు సగానికి కత్తిరించి, గుడ్డలో చుట్టి ఎప్పుడూ ప్యాంటు జేబులో ఉంచుకుంటాడు. ఎక్కడ గీత కనిపించినా ఆ బ్రష్ బయటికొస్తుంది. క్యాంపు బస్సు వెనక తలుపు మీద పొడుగాటి గీత ఉండేది. ఒక శుక్రవారం మాయమైంది. డ్రైవరు ఎవరు చేశారో తెలియక వారంపాటు అందరినీ అడిగాడు. సనయ్యా అనే పారిశ్రామికవాడలో వాళ్ళ క్యాంపు గదిలో మంచాల కాళ్ళు, కూలరు మూత, చివరికి వంటగది గ్యాస్ స్టాండు కూడా ప్లాంట్ పైపుల్లా బూడిదరంగులో నిగనిగలాడతాయట. "గీత కనబడితె నా చెయ్యి ఆగది మేడం. దురద పెట్టినట్టయితది" అంటాడు, అదేదో జబ్బయినట్టు సిగ్గుపడుతూ.

ఇలాంటి మనిషి రోజూ తెల్లవారుజామున చిన్న డబ్బా పట్టుకుని తిరిగే దారిలో, నా చేత్తో ఇంటూ గుర్తులు గీసిన ఇరవై నాలుగు పలకలు నిలబెట్టి వచ్చాను.

మూడు నెలలకోసారి వెళ్ళి చూడాలని ప్రణాళికలో నేనే రాశాను. మొదటి విడత గేటు పాసు రాలేదు. తర్వాత ప్లాంట్ మరమ్మతులని బయటివాళ్ళని ఆపేశారు. లోపలికి ఫోన్లు రానివ్వరు కాబట్టి ఎవరూ ఫొటో తీసి పంపే వీలు లేదు. ఆ తర్వాత వీలున్నప్పుడు మాత్రం అచ్చంగా నా బద్ధకం. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ పద్నాలుగు నెలలు గడిపేశాను. ఆ మరుసటి ఏడాది జూన్‌లో ఒక పొద్దున రామచంద్రరావు గారూ నేనూ వెళ్ళాం.

పలకలు ఒక్కొక్కటీ దగ్గరగా చూశాను. ఇరవై నాలుగూ ఒకేలా ఉన్నాయి. ఎక్కడా ఎర్ర చుక్క లేదు. ఎండకి పైరంగు పొడిబారి, దుమ్ము పేరుకుని, గీతలన్నీ మసక బూడిదరంగులో ఉన్నాయి.

తెలియనివాళ్ళు సంబరపడతారు. నాకు మాత్రం అది చెడ్డ కబురు. మామూలు రంగు వేసిన పన్నెండు పలకలూ గీతల దగ్గర ఎర్రగా తుప్పు కారుతూ ఉండాలి, మందు కలిపినవి శుభ్రంగా ఉండాలి. ఆ తేడా చూపించడానికే ఇంత తతంగం. తేడా లేదంటే మందు ఉన్నా లేకపోయినా ఒకటేనని అర్థం. లేదా రంగు కలిపేటప్పుడు నేనే పొరపాటున అన్నిటిలోనూ మందు పోసి ఉండాలి. ఎటు చూసినా నా మెడకే చుట్టుకుంటుంది.

"మందు వేసినా వేయకపోయినా ఒకటేనమ్మా" అన్నారు రామచంద్రరావు గారు. "కవరు తెరిచి చూడాల్సిన పని కూడా లేదు. దీన్ని ఇక్కడితో ఆపేద్దాం. పనిచేయలేదని రిపోర్టు రాసి పంపించెయ్."

"అలా ఎలాగండీ? పద్నాలుగు నెలలు ఉప్పుగాలిలో ఉత్త ఉక్కు తుప్పు పట్టకుండా ఉంటుందా?"

"ఉండదు. అంటే నీ కలపడంలోనే ఏదో జరిగింది. అది ఇంకా అధ్వాన్నం కదా. నీ రికార్డులే నమ్మడానికి లేదంటారు."

ఆయన కోపంగా అనలేదు, జాలిగా అన్నారు. దాంతో ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఇదంతా మేం తెలుగులోనే మాట్లాడుకున్నాం, ఇక్కడ మన మాట ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధీమాతో. పక్కనే పలకలు విప్పుతున్నది లింబాద్రి అన్న సంగతి నాకు గుర్తే లేదు.

పది దాటింది. అందరూ ఏసీ షెడ్డులోకి వచ్చారు. పలకలన్నీ లోపల పొడుగాటి బల్లల మీద పరిచారు. మనుషులు డబ్బాలు విప్పి తింటున్నారు, రయీస్ ఏవో కాగితాలు నింపుతున్నాడు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. అప్పుడొచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు లింబాద్రి. హెల్మెట్ చంకలో ఉంది. జేబులోంచి గుడ్డ తీసి, విప్పి, కత్తిరించిన బ్రష్ నా ముందు బల్ల మీద పెట్టాడు.

"మేడం, ఆ ప్లేట్ల గీతల మీద రంగేసింది నేనే."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏ రంగు?"

"పోయిన సెప్టెంబర్‌ల. ఎర్రగయినయి. రోజు అటుకెళ్ళే పోత గద, సూస్త ఊకోబుద్ధి కాలే. జంగు గీకి, సన్నగ రంగు పట్టిచ్చిన."

ఇక నేను ఆగలేదు. "ఏం చేశావ్? బోర్డు కనపడలేదా? ముట్టుకోవద్దని అంత పెద్ద అక్షరాలతో రాసుంది కదా! ఎవడు వెయ్యమన్నాడు నిన్ను? మూడేళ్ళ పని! మూడేళ్ళు నేను చేసిందంతా ఒక్క బ్రష్‌తో తుడిచేశావు, తెలుసా?"

షెడ్డులో అందరూ తినడం ఆపారు. లింబాద్రి తల వంచుకునే నిలబడ్డాడు. నా అరుపు అయిపోయేదాకా ఆగి నెమ్మదిగా అన్నాడు. "బోర్డు సూసిన మేడం. వేరేటోళ్ళు ముట్టొద్దనుకున్న. రంగేసేటోడికి గుడ వద్దంటరని నాకు తోచలే."

రయీస్ లేచి వచ్చాడు. అతనికి తెలుగు రాదు గానీ బ్రష్షూ పలకలూ చూసి విషయం పట్టేశాడు. "చుప్ కర్, లింబాద్రి" అని మెల్లగా నోరు మూయించబోయాడు. ఒప్పందంలోని షరతు అతనికి తెలుసు. కార్డు పోతే కాంట్రాక్టరు ఉంచుకోడు, వారంలో ఇంటికి టికెట్టు తీస్తాడు.

లింబాద్రి మెడలోంచి కార్డు తీసి బ్రష్ పక్కన పెట్టాడు.

"తెల్సు సాబ్" అని రయీస్‌తో అని, నావైపు తిరిగాడు. "అందుకే పొద్దట్నించి నోరు మూసుకున్న మేడం. కని మీరు సార్ మాట్లాడుకునేది ఇన్న. మందు పనిచేయలేదని రాస్తరంట గద. అది అబద్ధం. నేను ఊకుంటె అబద్ధమే కాయితం మీదికి పోతది."

"ఏది అబద్ధం?"

"నేను అన్నిటికి ఎయ్యలే. ఎర్రగయినయాటికే ఏసిన. కొన్ని ఎర్రగ కాలే. గీతలు వాటంతల అవే మూసుకున్నయి. నేను గుడ పరేషానయిన. ఇరవై రెండేండ్ల సంది జంగుతోని కొట్లాడుతున్న మేడం, గట్ల మూసుకునే రంగు నేను సూడలే. గసొంటి రంగును పనికిరాదని పారేస్తరా?"

నేను లేచి నిలబడ్డాను. రామచంద్రరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. తుప్పు పట్టిన వాటికే రంగు వేశాడంటే, వేయకుండా వదిలేసినవి తుప్పు పట్టనివి. అంటే అవి నా మందు కలిపినవి అయ్యుండాలి. తేడా లేక కాదు, ఉన్న తేడాని ఈయన మర్యాదగా సర్దిపెట్టాడు.

"మాట మీద నమ్మలేం కదమ్మా" అన్నారు రామచంద్రరావు గారు. కానీ సంచిలోంచి కవరు బయటికి తీశారు. సీలు అలాగే ఉంది. "ఏవేవి ముట్టుకున్నాడో చూపించమను. నంబర్లు వెనకవైపున్నాయి, కనపడవు. అతను చెప్పాకే కవరు తెరుద్దాం."

లింబాద్రి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. మొదటి పలక దగ్గర ఆగి నావైపు చూశాడు.

"ముట్టొచ్చా మేడం?"

ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముట్టుకోండి" అన్నాను.

తడిగుడ్డతో దుమ్ము తుడిచాడు. జేబులోంచి అద్దం తీసి, కిటికీ వెలుతురు గీతల మీద ఏటవాలుగా పడేలా తిప్పాడు. వేలి కొసతో గీత పొడవునా రాశాడు. "ఇది నాది" అని పక్కకి పెట్టాడు. రెండోది చూసి "ఇది కాదు" అన్నాడు. మూడోదీ కాదు. నాలుగోది ఆయనదే. ఎలా గుర్తుపడుతున్నారని అడిగితే, "నా చెయ్యి నాకు తెల్వదా? నేను కిందికెళ్ళి పైకి గుంజుత. ఆఖరుకు జెర ఎడమకు మర్లుతది" అన్నాడు. అద్దంలోకి వంగి చూశాను. నిజంగానే గీత చివర రంగు సన్నగా ఎడమకి తిరిగి ఉంది. పొద్దున అవే పలకలని గంటసేపు చూసిన నా చదువుకి అది కనపడలేదు.

ఒక్క పలక దగ్గర చాలాసేపు ఆగాడు. "ఇది ఎర్రగ కాలే. కని పక్కదానికి ఏస్తుంటె దీని మీద బొట్టు పడ్డది, తుడిచిన. గది గుడ చెప్పాలె గద." దాన్ని విడిగా పెట్టాడు. అంతా అయ్యేసరికి ఆయనవి పన్నెండు, ముట్టనివి పదకొండు, బొట్టు పడ్డది ఒకటి.

రామచంద్రరావు గారు సీలు చించి మామూలు రంగు పలకల నంబర్లు చదవడం మొదలుపెట్టారు. రయీస్ లింబాద్రి పక్కకి పెట్టిన పలకలు ఒక్కొక్కటీ తిరగేస్తున్నాడు. మొదటి నంబరు కలిసింది. రెండోది కలిసింది. ఏడో నంబరుకి తింటున్నవాళ్ళు కూడా లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. పన్నెండుకి పన్నెండూ కలిశాయి. బొట్టు పడ్డది మందు కలిపినవాటిలో ఉంది.

రయీస్ కత్తి తీసుకుని లింబాద్రి వేసిన రంగు కొంచెం లేపాడు. అడుగున గోధుమరంగు తుప్పు గీతకి అటూ ఇటూ రంగు కిందకి పాకి ఉంది. మందు కలిపిన పలక మీద గీతలో గట్టిపడ్డ పొరని లేపాడు. లోపల ఉక్కు నేను ఏప్రిల్‌లో గీసిన రోజు ఎలా మెరిసిందో అలాగే మెరుస్తోంది.

రెండు రకాల పలకలున్నాయని కూడా ఆయనకి అప్పట్లో తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఊరికే తెల్లవారుజామున డ్యూటీ దారిలో కళ్ళతో చూసి, సరిగ్గా ఆ పన్నెండే ఎంచుకున్నాడు. నేను ఎంత జాగ్రత్తగా ఏర్పాటు చేసినా అంత నిక్కచ్చి పరీక్ష జరిపి ఉండేదాన్ని కాదు. కానీ నేను ఆయన్ని మెచ్చుకునేది ఆ కళ్ళ గురించి కాదు. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. కార్డు మెడలో ఉండేది, తప్పు నా రికార్డుల్లోనే ఉండిపోయేది. ఒక రంగు మంచిదని తన కళ్ళతో చూశాడు కాబట్టి, దాన్ని చెడ్డదని రాస్తుంటే ఓర్చుకోలేక, కష్టపడి సంపాదించుకున్న కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అంత నిజాయితీ నాకు ఉందో లేదో నాకు తెలియదు.

"అన్నా" అన్నాను. ఆ పిలుపు దానంతటదే వచ్చింది. "అందరి ముందూ అరిచాను. తప్పయిపోయింది."

"అరవాలె మేడం. నా రంగు ఎవలన్న ఖరాబు చేస్తె నేను గుడ అరుస్త" అన్నాడు. బల్ల మీది బ్రష్ మళ్ళీ గుడ్డలో చుట్టుకుంటూ, "మీరు గీకిన నాడు అరుద్దామనే అనుకున్న. మేడం గదా అని ఊకున్న" అన్నాడు. షెడ్డులో తెలుగు తెలిసినవాళ్ళు నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ.

రయీస్ జరిగినదంతా రాయక తప్పలేదు, రాశాడు. నేను ప్లాంట్ వాళ్ళకి వేరే ఉత్తరం రాశాను. పరీక్ష ఏమిటో పనివాళ్ళకి చెప్పనిది నేను, చూడటానికి వెళ్ళనిది నేను, ఎందుకో చెప్పని బోర్డు పెట్టింది నేను అని. రామచంద్రరావు గారు గొణుగుతూనే దాని మీద సంతకం పెట్టారు. షరతు నేనే పెట్టాను కాబట్టి నేనే వెనక్కి తీసుకుంటున్నానని కూడా రాశాను. వాళ్ళు పూర్తిగా ఒప్పుకోలేదు. కార్డు రద్దు చేయలేదు గానీ మూడు నెలలు ఆపేశారు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు, ఏడాదిలో అన్నిటికంటే ఉక్కబోత నెలలు, లింబాద్రి మొదట్లో వచ్చినప్పటిలా రవ్వ బస్తాలు మోశాడు. మధ్యలో ఒకసారి వెళ్ళి చూశాను. ఎలా ఉన్నారన్నా అంటే, "ఇరవై ఏండ్లల్ల బస్తాలు బరువెక్కినయి మేడం" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

చేయి పడింది కాబట్టి పాత పరీక్ష కాగితాల మీద చెల్లదు. కానీ రయీస్ లేపి చూపించిన ఆ రెండు గీతలు చూశాక ప్లాంట్ వాళ్ళే మళ్ళీ పెట్టమన్నారు. అక్టోబరులో కొత్తగా ఇరవై నాలుగు పలకలు తీసుకెళ్ళాను. ఈసారి పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి అరగంట చెప్పాను, వచ్చీరాని హిందీలోనూ తెలుగులోనూ. గీతలు ఎందుకు, తుప్పు ఎందుకు పట్టాలి, పట్టినా ఎందుకు వదిలెయ్యాలి అన్నీ. లింబాద్రి ముందు వరసలో కూర్చుని విన్నాడు, మెడలో కార్డుతో. చెప్పడం అయ్యాక కత్తి ఆయన చేతికిచ్చాను.

"మీరే గీయాలి అన్నా. నా గీతలు వంకర్లు పోతాయి."

కత్తివైపు చూశాడు. "ఇరవై రెండేండ్ల సంది గీత పడకుంట కాసిన. నా చేత్తోనే గీయమంటరా?"

"మీరు గీస్తేనే సరిగ్గా ఉంటుంది."

గీశాడు. మొదటిదాన్ని మాత్రం గీసే ముందు ఒకసారి అరచేత్తో తడిమాడు.  ఇరవై నాలుగు పలకల మీదా రెండేసి గీతలు తిన్నగా, ఒకే లోతున, ఉక్కు మెరిసేలా గీశాడు. ఆఖరిది అయ్యాక కత్తి తిరిగిచ్చి, జేబులోంచి గుడ్డ చుట్టిన బ్రష్ తీసి దాన్ని కూడా నా చేతిలో పెట్టాడు.

"ఇది మీ తాన ఉంచుకోండ్రి. నా దగ్గర ఉంటె చెయ్యి ఆగది. మూడు నెలలకు తప్పకుంట రావాలె మరి."

జనవరిలో తప్పకుండా వెళ్ళాను. పన్నెండు పలకలు గీతల పొడవునా ఎర్రబడ్డాయి. పన్నెండు శుభ్రంగా ఉన్నాయి. నేను దాదాపు పరుగెత్తుకుంటూ లింబాద్రిని వెతికాను. పంపుహౌస్ వెనకాల దొరికాడు. ఆయన రోజూ వెళ్ళే దారి అది కాదు. స్టాండు కంటపడకుండా ఉండాలని అక్టోబరు నుంచి పొద్దున్నే అంత చుట్టూ తిరిగి వెళుతున్నాడని అప్పుడే రయీస్ చెప్పాడు.

"పనిచేస్తోంది అన్నా! మందు వేసినవన్నీ శుభ్రంగా ఉన్నాయి."

ముఖం వెలిగింది. "నేను చెప్పలే?" అన్నాడు.  చేతిలో బ్రష్ లేదు గానీ బొటనవేలూ చూపుడువేలూ దాన్ని పట్టుకున్నట్టే ఒరుసుకుంటున్నాయి.

"మరి ఆ ఎర్రగయినయి మేడం" అన్నాడు. "ఇంకెన్ని దినాలు గట్లనే ఉంచుతరు?"